సఫేదు సింహము - ఇస్సాకు లూరియా

గురుపీఠముపై అతి స్వల్పకాలము కూర్చుండి, అతి దీర్ఘకాలము లోకమునకు జ్ఞాపకముండిన ఆచార్యులు అరుదు. యూదుల మార్మిక విద్యకు కొత్త రూపమిచ్చిన ఇస్సాకు లూరియా అట్టివారిలో ఒకడు. ఆయన సఫేదు పట్టణములో శిష్యులకు బోధించినది సుమారు రెండు సంవత్సరములు మాత్రమే. చనిపోవునాటికి ఆయన వయస్సు 38 ఏండ్లు. తన సిద్ధాంతమును సమగ్రముగా వివరించు గ్రంథమును ఆయన స్వయముగా వ్రాయలేదు. ఐనను ఆయన గతించి నూరు సంవత్సరములు నిండకమునుపే, పోలెండు మొదలు యెమెను వరకు గల యూదుల ప్రార్థనా మందిరములలో ఆయన పేరు భక్తితో స్మరింపబడసాగినది.

ఆ మార్మిక విద్యకు కబ్బాలా అని పేరు. హీబ్రూ భాషలో ఈ మాటకు స్వీకరించుట అని అర్థము. గురువునుండి శిష్యుడు పరంపరగా అందుకొన్నది అని తాత్పర్యము. కబ్బాలా అనగానే చాలమందికి యంత్రములు, రహస్యాక్షరములు, తాయెతులు స్ఫురించును. లూరియా జీవితమును దగ్గరగా చూచినవారికి కనబడునది వేరు. కూలివానికి ప్రొద్దు గుంకకమునుపే కూలి చెల్లింపవలెనన్న ఆత్రము, కోపమును మహాపాతకముగా భావించిన మనస్సు, చేయని పాపములకు కూడ నలుగురితో కలసి క్షమాపణ వేడిన వినయము - ఇవి కనబడును. నేను, నాది అను భావము కరగి ఇతరునికి చోటిచ్చుట ఎట్లు అన్న ప్రశ్నయే ఆయన బోధకు ప్రాణము. ఆ ప్రశ్నకు ఆయన శిష్యులు ఒకప్పుడు తగిన సమాధానము చెప్పలేకపోయినారు కూడ. అందుచేత ఈ కథ విజయగాథ మాత్రమే కాదు. విద్య నేర్చువారును నేర్పువారును ఒకసారి తెలిసికొనదగిన పరీక్షయొక్క కథ.

ప్రవాసుల కాలము

లూరియా పుట్టుటకు సుమారు నాలుగు దశాబ్దుల ముందు యూదుల చరిత్రలో ఒక మహావిపత్తు సంభవించినది. 1492లో స్పెయిను రాజదంపతులు ఫెర్డినాండు, ఇసబెల్లాలు, తమ రాజ్యమందలి యూదులు క్రైస్తవ మతమునైనను స్వీకరింపవలెను, దేశమునైనను విడువవలెను అని శాసించినారు. శతాబ్దులుగా ఆ గడ్డపై కవులను, వైద్యులను, తత్త్వవేత్తలను కన్న జాతి కొన్ని నెలలలో ఇల్లు వాకిళ్లు వదలి బయలుదేరవలసి వచ్చినది. కొందరు పక్కనున్న పోర్చుగలునకు పోయినారు. 1497లో అక్కడను బలవంతపు మతమార్పిడి తప్పలేదు. తక్కినవారు ఉత్తరాఫ్రికాకు, ఇటలీకి, తురుష్క సామ్రాజ్యమునకు చెదరిపోయినారు. 1516, 1517 సంవత్సరములలో సుల్తాను మొదటి సెలీము సిరియా, పాలస్తీనా, ఈజిప్టు దేశములను జయించుటతో ఆ నేలలకు పోవు దారి వారికి మరింత తెరచుకొన్నది.

ఓడలలోను, సంతలలోను, అపరిచిత నగరముల ఇరుకు వీథులలోను ఆ ప్రజలను వెంటాడిన సందేహమొకటి కలదు. దేవుడు తన ప్రజలను ఎందుకు ఇట్లు చెదరగొట్టినాడు? ఈ చెల్లాచెదరైన బ్రతుకునకు అర్థమేమైనను ఉన్నదా? లూరియా సిద్ధాంతము ఈ వేదనకు సమాధానముగా పుట్టినదని ఇరువదవ శతాబ్దపు పండితుడు గెర్షోం షోలెం వాదించినాడు. ఆయన తరువాతి పండితులలో కొందరు ఆ సంబంధమును అంత సూటిగా అంగీకరింపలేదు. కాని చెదరిపోవుట, తిరిగి కూడగట్టుట అను రెండు భావములు ఆ సిద్ధాంతములో అడుగడుగున కనబడుటలో సందేహము లేదు.

మేనమామ యింట

ఇస్సాకు లూరియా 1534లో యెరూషలేములో జన్మించినాడు. తండ్రి సొలొమోను మధ్య ఐరోపా సంప్రదాయమునకు చెందిన యూదుడు. అట్టివారిని అష్కెనాజీలందురు. బాలుడు చిన్నవాడై యుండగనే తండ్రి చనిపోయినాడు. దిక్కులేని తల్లి బిడ్డను తీసికొని ఈజిప్టులోనున్న తన సోదరుడు మొర్దెకై ఫ్రాన్సిసు ఇంటికి చేరినది. ఆయన సర్కారువారి సుంకములను గుత్తకు తీసికొను ధనికుడు. మేనల్లుని కన్నకొడుకువలె పెంచి, చదువు చెప్పించి, యుక్తవయస్సు రాగనే తన కుమార్తెనిచ్చి వివాహము చేసినాడు. మేనరికము మన యిండ్లలో వలెనే ఆ కాలపు యూదుల యిండ్లలోను ఉండినది.

కైరో నగరములో ఇస్సాకునకు ఉత్తములైన గురువులు దొరికినారు. స్పెయినునుండి బాల్యములో వెడలగొట్టబడి వచ్చి ఈజిప్టు యూదులకు ధర్మాధికారియైన దావీదు ఇబ్న్ జిమ్రా ఒకడు. తాల్ముదు అను ధర్మవ్యాఖ్యాన సాగరమును మథించిన బెసలేలు అష్కెనాజీ మరొకడు. వారి కడ ఆయన నేర్చినది రహస్యవిద్య కాదు, ధర్మశాస్త్రము. అప్పులు, కౌళ్లు, సాక్ష్యములు, నష్టపరిహారములు - మనుష్యుడు మనుష్యునికి ఏమి బాకీయున్నాడో తేల్చు శాస్త్రమది. ఆయన తరువాతి బోధకు ఈ పునాది ముఖ్యమైనది.

లూరియా వర్తకము కూడ చేసినాడు. పాత కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనా మందిరములో ఒక విచిత్రమైన పత్రనిక్షేపముండెడిది. దైవనామమున్న కాగితమును పారవేయరాదను నియమముచేత యూదులు పాత వ్రాతలన్నిటిని ఒక గదిలో వేసి ఉంచెడివారు. దానిని గెనిజా అందురు. ఈజిప్టు యూదుల ఇట్టి పాత వ్రాతలలో లూరియా వర్తక వ్యవహారములకు సంబంధించిన పత్రములు కూడ బయటపడినవి. మార్మికులలో అగ్రగణ్యుడైన ఈయన చేతివ్రాత మనకు చేరినది ముఖ్యముగా సరకుల లెక్కలలో అనుట వినుటకు వింతగానుండును. కాని ఆయన దృష్టిలో లెక్క సరిచూచుటయు ధ్యానమే.

కొంతకాలమునకు ఆయన మనస్సు జోహారు గ్రంథముపై లగ్నమైనది. జోహారు కబ్బాలా విద్యకు మూలస్తంభము. పదమూడవ శతాబ్దము చివర స్పెయినులో వెలువడిన ఆ అరమేయిక భాషా గ్రంథము వ్రాతప్రతులలోనే ఉండి, 1558 మొదలు ఇటలీలో అచ్చుపడసాగినది. నైలు నది మధ్యనున్న రౌదా ద్వీపములో మామగారికొక కుటీరముండినదనియు, లూరియా అక్కడ ఏండ్ల తరబడి ఏకాంతముగా ఆ గ్రంథమును చదివినాడనియు, విశ్రాంతి దినమునకు మాత్రమే ఇల్లు చేరెడివాడనియు సంప్రదాయ కథనము. జోహారులోని ఒక చిన్న భాగమునకు ఆయన వ్రాసిన వ్యాఖ్య నేటికిని నిలిచియున్నది.

ఏకాంతము ఆయనకు జ్ఞానమునిచ్చినది. కాని ఒంటరితనములో తనను తాను జయించితినని తలచుట సులభము. పక్కన మరొక మనుష్యుడున్నప్పుడే ఆ జయము నిజమో కాదో తేలును. ఆ పరీక్షకు లూరియా సఫేదు చేరవలసి వచ్చినది.

కొండమీది పట్టణము

ఉత్తర పాలస్తీనాలో, గలిలయ ప్రాంతమున, ఎత్తైన కొండపై నున్న పట్టణము సఫేదు. పదునారవ శతాబ్దములో అది ఉన్ని బట్టల నేతకు, అద్దకమునకు పేరుపొందినది. స్పెయిను ప్రవాసులు తెచ్చిన పనితనము ఆ వాడలను నింపినది. పగలు మగ్గముల చప్పుడు, రాత్రి పాఠశాలల దీపములు - ఇట్లుండెడిది ఆ ఊరు. యూదుల నిత్యాచారములకు ప్రమాణగ్రంథమైన షుల్హాన్ ఆరూకును రచించిన యోసేపు కారో అక్కడివాడు. శుక్రవారము సంధ్యవేళ విశ్రాంతి దినమును వధువుగా ఆహ్వానించు ప్రసిద్ధ గీతమును కట్టిన సొలొమోను అల్కబేసు అక్కడివాడు. ఆయన బావమరదియైన మోషే కొర్డోవెరో ఆనాటి కబ్బాలా పండితులలో శిరోమణి.

కొర్డోవెరో వ్రాసిన చిన్న పుస్తకమొకటి ఇచ్చట చెప్పదగియున్నది. దెబోరా తాటిచెట్టు అని దాని పేరు. ఆయన అనంతరము 1588లో వెనిసు నగరమున అచ్చైనది. దేవుని గుణములను స్తుతించుట చాలదు, వానిని మనుష్యుడు అనుకరింపవలెను అను సూత్రముపై ఆ పుస్తకము నడచును. దేవుడు తనను అవమానించువానికి సైతము ఆ క్షణమున ఊపిరి పోయుచునే యున్నాడు గనుక, మనుష్యుడు తనకు కీడు చేసినవానికి మేలు ఆపరాదని దాని సారము. సఫేదు పండితులు ఇట్టి భావములను నియమములుగా మార్చుకొన్నారు. శుక్రవారమునాడు మిత్రుడొకనితో కూర్చుండి, ఆ వారమంతయు తాను చేసిన పనులను దాపరికము లేక చెప్పుకొనుట వానిలో నొకటి. మనస్సును సరిదిద్దుకొనుటకు ఒకరి కన్ను ఒకరికి కావలెనని వారు గ్రహించినారు.

1570 ప్రాంతమున లూరియా కుటుంబముతో సఫేదు చేరినాడు. మొదట కొర్డోవెరో శిష్యులలో ఒకడుగా కూర్చున్నాడు. ఆ సంవత్సరమే కొర్డోవెరో మరణించినాడు. కొద్దికాలములోనే, నిన్నటివరకు ఎవరికిని తెలియని ఈ ఈజిప్టు యువకుని చుట్టు సుమారు ముప్పదిమంది శిష్యులు చేరినారు. వారు ఆయనను ఆరీ అని పిలిచినారు. ఆయన బిరుదునామము మొదటి అక్షరముల కూర్పు అది. హీబ్రూలో ఆ మాటకు సింహమని అర్థము. పేరు సింహమైనను, ఆయన ఒకరిపై గర్జించినట్లు కథలు లేవు. శిష్యులతో పొలముల వెంట నడచుచు, పూర్వఋషుల సమాధులను చూపుచు, చెట్ల నీడన బోధించెడివాడట. గ్రంథము వ్రాయుమని కోరినవారితో, నోరు విప్పగనే కట్ట తెగిన సముద్రమువలె భావములు ముంచెత్తుచున్నవనియు, వానిని కలము పట్టజాలదనియు చెప్పెడివాడని శిష్యులు వ్రాసినారు.

సంకోచము, భంగము, సంస్కరణము

ఆయన బోధించిన సృష్టి కథను పాఠశాల విద్యార్థికి తెలియునట్లు చెప్పవలెనన్న, మూడు అంకములుగా చెప్పవచ్చును.

మొదటిది సంకోచము. సృష్టికి ముందు అనంతుని వెలుగు తప్ప మరేమియు లేదు. అంతయు తానే నిండియుండగా మరియొకదానికి చోటెక్కడ? కావున అనంతుడు తనను తాను వెనుకకు తీసికొని, ఒక శూన్యస్థలమును ఏర్పరచినాడు. ఆ చోటులోనే లోకములు పుట్టినవి. దీనిని హీబ్రూలో త్సిమ్‌త్సూమ్ అందురు. సృష్టిలో మొదటి కార్యము విస్తరించుట కాదు, తగ్గుట అను ఈ భావము లూరియా బోధకు శిఖరము. తరువాతి కాలపు హసీదీ గురువులు దీనిని తండ్రి ఉపమానముతో వివరించినారు. తండ్రి తన జ్ఞానమంతయు ఒక్కసారి కుమ్మరించిన పసివానికి ఏమియు అందదు. వాని స్థాయికి తన్ను తగ్గించుకొన్ననే ప్రేమ వానిని చేరును. తరగతిలో నిలుచు ఉపాధ్యాయునికి ఈ ఉపమానమును వేరుగా విప్పి చెప్పనక్కరలేదు.

రెండవది భంగము. ఆ శూన్యములోనికి దివ్యమైన వెలుగు ప్రవహించినప్పుడు దానిని పట్టుటకు పాత్రలు ఏర్పడినవి. వానిలో కొన్ని వెలుగు ధాటికి తాళలేక పగిలిపోయినవి. వెలుగు కణములు పెంకులతో కలసి అధోలోకములలోనికి జారిపడినవి. ఆ పాత్రలు ఒకదానితోనొకటి పొందిక లేక, దేనికదియే నిలువబూనుటచే పగిలినవని లూరియా సంప్రదాయమందలి వివరణము. లోకమందలి చెడుగు, వియోగము, ప్రవాసము అన్నియు ఆ భంగముయొక్క ఫలములే.

మూడవది సంస్కరణము, హీబ్రూలో తిక్కూన్. చెదరిన వెలుగు కణములను ఏరి, పెంకులనుండి విడిపించి, మరల చేరవలసిన చోటికి చేర్చుట. ఈ పని దేవుడు మనుష్యునికి అప్పగించినాడు. భోజనము, వర్తకము, ప్రార్థన, మాట - ప్రతిదానిలో ఒక కణము దాగియున్నది. ఆ కార్యమును తన సుఖమునకై చేసిన కణము పెంకులోనే మిగులును. సరియైన భావముతో చేసిన విడుదలయగును. ఈ భావశుద్ధికే కవ్వానా అని పేరు. ఈ దృష్టిలో ప్రార్థన తన కోరికల పట్టిక కాదు. తన ఆరోగ్యము, తన ధనము, తన మోక్షము సైతము దాని లక్ష్యము కాదు. పగిలిన సమస్తమును అతుకుటకు తన వంతు చేయుటయే లక్ష్యము. అహంకారమునుండి పరార్థమునకు మనస్సు తిరుగుట అనగా ఇదియే.

చిన్న కార్యములు, పెద్ద సాధన

సిద్ధాంతము ఎంత ఎత్తైనను, లూరియా దానిని చిన్న కార్యములలోనికి దించినాడు. ఉదయ ప్రార్థన ప్రారంభించుటకు ముందు, తోటివానిని తనవలెనే ప్రేమింపవలెనను ఆజ్ఞను ప్రతివాడును మనసార స్వీకరింపవలెనని ఆయన నియమము పెట్టినాడు. తోటి సాధకునికి రోగమో కష్టమో కలిగిన, తన ప్రార్థనలో వానిని కలుపుకొనవలెను. ఒంటరిగా పైకి పోవు ప్రార్థనకు రెక్కలు లేవని ఆయన నమ్మకము. పాపముల ఒప్పుకోలులో తాను చేయని దోషములను కూడ బహువచనములో చెప్పెడివాడు. జాతియంతయు ఒకే దేహము. ఒక అవయవము చేసిన తప్పునకు మరొక అవయవము బాధ్యత వహింపకుండుట ఎట్లని ఆయన భావము.

కూలి విషయమున ఆయన పట్టుదల ప్రసిద్ధమైనది. పనివానికి ఆనాటి కూలి ఆనాడే ఇయ్యవలెనని తోరా శాసనము. ఒక్కొక్కప్పుడు చేతిలో పైకము లేక, సాయంప్రార్థన వేళ సమీపించినను, ప్రార్థనను ఆలస్యము చేసి, ఎక్కడనైనను డబ్బు సంపాదించి కూలి చెల్లించిన తరువాతనే ఆయన దేవుని ఎదుట నిలిచెడివాడట. ఒకనికి బాకీపడి దేవుని ముందు నిలుచుటకు ఆయనకు సిగ్గు. ధర్మకార్యములకు కావలసిన వస్తువులు కొనునప్పుడు బేరమాడక, అడిగినంత ఇచ్చెడివాడు. తన దుస్తుల విషయమున మితముగానుండి, భార్య దుస్తుల విషయమున ఉదారముగా ఉండెడివాడు. క్రిమికీటకములను సైతము తెలిసి చంపలేదని శిష్యుడు హయీం వీటాల్ వ్రాసినాడు.

కోపమునుగూర్చి ఆయన చెప్పినది వీటాల్ స్వీయానుభవముతో వ్రాసిపెట్టినాడు. వీటాల్ తన తమ్మునికి పాఠము చెప్పుచుండెడివాడు. తమ్మునికి పాఠము సరిగా రాకపోవుటచే ఒకనాడు అన్నకు కోపము వచ్చినది. ఈ సంగతి లూరియా దృష్టికి వచ్చినప్పుడు, అది న్యాయమైన కోపమని సమర్థింపక, శిష్యుని మందలించినాడు. ఇతర పాపములు ఆత్మలో ఒక భాగమును మాత్రమే గాయపరచును. కోపము ఆత్మను మొదలంట పెకలించును. ఎన్ని ధ్యానములు చేసి సంపాదించినదైనను ఒక్క కోపముతో పోవును - ఇది ఆయన అభిప్రాయము. కోపములో నేను అనునది పాత్ర పగులునంతగా నిండును. ఎదుటివానికి అచ్చట చోటు మిగులదు. ఆ దోషమును ఆయన చూపినది పాఠము చెప్పుచోటనే అగుట గమనింపదగినది.

ఒక కలహము

లూరియా తన శిష్యులలో కొందరిని కుటుంబములతో సహా ఒకే ప్రాంగణములో నివసింపజేసినాడు. గురువు, శిష్యులు, భార్యలు, పిల్లలు ఒక్క కుటుంబమై యుండవలెనని ఆయన కోరిక. విశ్వమందలి భంగమును అతుకుటకు ముందు కొన్ని గదులలోని మనుష్యులు కలసియుండగలరా అని చూచుట అది.

కొన్ని నెలలు సజావుగా సాగినది. తరువాత, సంప్రదాయ కథనము ప్రకారము, ఒక శుక్రవారమునాడు స్త్రీల మధ్య ఏదో మాట పెరిగినది. భార్యలు భర్తలకు చెప్పినారు. భర్తలు కలహములో దిగినారు. కోపము మహాపాపమని ప్రతిదినము వినుచున్న పండితులే ఒకరినొకరు నిందించుకొన్నారు. ఆ సాయంకాలము విశ్రాంతి దినమును ఎదుర్కొనుటకు పొలమునకు పోయి తిరిగివచ్చిన లూరియా ముఖము వాడియుండెను. కారణమడిగిన వీటాలుతో, తమలో సమాధానమున్నంతవరకు మృత్యువునకు తమ గుమ్మములో ప్రవేశము లేకుండెననియు, నేడు ఆ కంచె తెగినదనియు చెప్పినాడట.

1572 వేసవిలో సఫేదులో అంటువ్యాధి ప్రబలినది. జూలై 15వ తేదీన లూరియా కన్నుమూసినాడు. మరణమునకు కారణము వ్యాధియే. కాని శిష్యుల హృదయములలో మాత్రము కారణము ఆ కలహమే. తమ గురువు మరణమును వారు తమ అహంకారమునకు శిక్షగా తరతరములకు చెప్పుకొన్నారు. తమ దోషమును తామే వ్రాసి పెట్టుకొనుట ఆ శిష్యబృందమునకు దక్కిన గౌరవము. చివరి దినములలో లూరియా తన వర్తకపు లెక్కలన్నియు సరిచేసి, ఎవరికైన తనవలన నష్టము కలిగినదేమో అడిగి తీర్చివేసినాడని ఒక కథ కలదు.

విద్యను దాచిన శిష్యుడు

గురువు పోయిన తరువాత అసలు పరీక్ష వచ్చినది. హయీం వీటాల్ 1542లో జన్మించిన మేధావి. గురువు మాటలను శ్రద్ధతో వ్రాసికొన్నవాడు. జీవవృక్షము అను పేరుతో నేడు ప్రసిద్ధమైన గ్రంథము ఆయన వ్రాతలనుండియే ఏర్పడినది. ఆయన లేనిచో లూరియా మనకు దక్కెడివాడు కాడు. కాని ఆయనలో మరొక పార్శ్వము కూడ ఉండినది. తన ఆత్మ అసామాన్యమైనదని ఆయన గాఢముగా నమ్మినాడు. తన గొప్పతనమును సూచించు స్వప్నములను, దర్శనములను ఒక దినచర్యలో స్వయముగా వ్రాసికొన్నాడు. 1575లో సహాధ్యాయులు పన్నిద్దరు ఒక పత్రముపై సంతకములు చేసినారు. లూరియా విద్యను వీటాలునుండి మాత్రమే నేర్తుమనియు, అతడు చెప్పినది ఇతరులకు వెల్లడింపమనియు దాని సారాంశము. తన వ్రాతలను నకలు తీయనీయక వీటాల్ కాపాడుకొన్నాడు. ఆయన జబ్బుపడిన సమయమున బంధువుకు బంగారు నాణెములిచ్చి కొందరు రహస్యముగా నకళ్లు తీయించినారని ప్రసిద్ధమైన కథ. 1620లో వీటాల్ డమాస్కసులో మరణించినాడు.

దీనిని వట్టి స్వార్థమని కొట్టివేయుట న్యాయము కాదు. లోతైన విద్య అపాత్రుల చేతిలో పడునను భయము ఆయనకు నిజముగా నుండినది. 1665, 1666 సంవత్సరములలో షబ్బతై స్వీ అనువాడు తానే రక్షకుడనని ప్రకటించుకొనగా, లూరియా సిద్ధాంతమునే ఆధారము చేసికొని వేలమంది వాని వెంటపడిరి; చివరకు ప్రాణభయముచేత వాడు ఇస్లాము స్వీకరించుటతో వారి ఆశలు కూలినవి. సంస్కరణమును ఒక వ్యక్తి ఘనతకు ముడిపెట్టినప్పుడు కలుగు నష్టమది. ఐనను, చోటిచ్చుటయే సృష్టి మూలమని చెప్పిన విద్య మొదట ఒక్కని పెట్టెలో బంధింపబడుట గమనింపదగినది. ఇబ్న్ తబూల్ మొదలైన తక్కిన శిష్యుల వలనను, ఇటలీలో బోధించిన ఇశ్రాయేలు సరూగు వలనను ఆ విద్య లోకమునకు ప్రాకినది.

స్వీకరించుట, ఇచ్చుట

లూరియా చెప్పిన తోటివాని ప్రేమ, ఆయన కాలపు పరిమితులలో, ముఖ్యముగా తన ప్రజలనే దృష్టిలో పెట్టుకొన్నది. ఆ హద్దును దాటించి, అహంకారము పరార్థము అను భాషలోనే ఆయన విద్యను విప్పి చెప్పినవాడు ఇరువదవ శతాబ్దపు యెహూదా అష్లాగు. వార్సా నగరమునుండి 1920ల తొలినాళ్లలో యెరూషలేము చేరి, 1954లో మరణించిన ఈయన, లూరియా జీవవృక్షమునకును జోహారునకును వ్యాఖ్యలు వ్రాసినాడు. జోహారు వ్యాఖ్యకు నిచ్చెన అని పేరు పెట్టుటచే ఆయనకు నిచ్చెన కర్త అని ప్రసిద్ధి కలిగినది.

అష్లాగు ప్రకారము, సృష్టించబడిన ప్రతి ప్రాణి స్వభావము స్వీకరింప గోరుట. సృష్టికర్త స్వభావము ఇచ్చుట. స్వీకరించు కోరికను చంపుట సాధ్యము కాదు, అవసరమును కాదు. దాని ఉద్దేశమును మార్చవలెను. అతిథియొకడు గృహస్థు ఇంటికి పోయినప్పుడు ఆకలిచేతనే తిన్న అది స్వీకారము. మొదట వలదని వారించి, గృహస్థు మిక్కిలి బ్రతిమాలగా, అతని సంతోషము కొరకు తిన్న ఆ తినుటయే ఇచ్చుటయగును. పళ్లెము అదే, అన్నమదే, మారినది మనస్సు. లూరియా చెప్పిన సంకోచమును అష్లాగు ఈ వారించుటలోనే చూచినాడు. స్వీకరించుట అని అర్థమున్న కబ్బాలా అను మాటకు, ఇచ్చుట కొరకు స్వీకరించుట అను అర్థము ఆయన వలన స్ఫుటమైనది. ఈ భావమును ఆయన సమాజమునకు కూడ అన్వయించి, తోటివాని క్షేమమును కోరు మనస్సు లేక ఏ ఆర్థిక సమత్వమును నిలువదని వాదించినాడు.

సఫేదు కొండవాలున పాత శ్మశానములో లూరియా సమాధి కలదు. కొర్డోవెరో, అల్కబేసు మొదలైనవారి సమాధులు సమీపముననే యున్నవి. 1837 నాటి భూకంపము ఆ పట్టణమును నేలమట్టము చేసినను, ఆయన పేరు గల ప్రార్థనా మందిరము మరల కట్టబడినది. యాత్రికులు ఆ సమాధికి నీలిరంగు వేసి, కొవ్వొత్తులు వెలిగింతురు. దశవిభూతుల పేర్లు, వెలుగు కణముల లెక్కలు వారిలో చాలమందికి తెలియవు. వాని జ్ఞానము లేకున్నను ఆయన విద్యలో ఒక పాఠము అందరికి అందుబాటులో నున్నది. ప్రొద్దు వాలుచున్నది, పనివాడు గుమ్మమున నిలిచియున్నాడు, ప్రార్థనకు వేళయైనది. అప్పుడు మొదట చేయవలసినదేమో ఆ సింహమునకు సందేహము లేకుండెను.